సంగవ్వ మెడలో రాణి

"తియ్యి. మెడలకెల్లి తియ్యి దాన్ని."

"తియ్య."

"నా తల్లిదే గది! నీ పుట్టింటోళ్ళు పెట్టింది గాదు."

"నీ తల్లిది గాదని నేనన్ననా? తల్లిదేంది, అదే నీ తల్లి. అందుకే ఇయ్య."

"రూపాయి పట్టుకోని తల్లి తల్లి అంటవు. నెల రోజులాయె బండి నిలవడి. నీ దండాలకు ఇంజన్ బాగైతదా?"

"ఇన్నేండ్లు ఏ దండాలకు నడిసిందో గా దండాలకే."

"నీకేంది అవ్వా, రెండు రొట్టెలు తిని అరుగు మీద కూసుంటవు."

"గా రెండు రొట్టెలు గూడ నీయి గావు. పత్తి ఏరి తెచ్చుకున్నయి. డబ్బల పిండి ఎవలు వోసిన్రో పొయ్యి నీ పెండ్లాన్నడుగు."

మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అదీ ఒక ఇటుక మందం. మధ్యాహ్నం అన్నం తిని ఈ వైపు నేను పడుకొని ఉన్నాను. పక్కింట్లో కొట్లాట అవుతుంటే చెవులు మూసుకునేవాళ్ళు నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్‌లో, మా వాడలో ఎవరూ లేరు. నేనూ మూసుకోలేదు.

అరుస్తున్నది సూర్యకాంత్ కాక. యాభై అయిదు దాటాయి, సామాను ఆటో నడుపుతాడు. గొంతు పెంచకుండా మాటకు మాట అంటిస్తున్నది సంగవ్వ, ఆయన్ను పెంచిన తల్లి. కన్న తల్లి లస్మవ్వ ఆయనకు రెండేళ్ళప్పుడే కామెర్లతో చనిపోయింది. కొట్లాట సంగవ్వ మెడలో ఉన్న ఒక పాత వెండి రూపాయి గురించి. అది కూడా నాకు ముందే తెలుసు, ఎందుకంటే దాన్ని మొదట ఫొటో తీసినవాణ్ణి నేనే.

తర్వాత సూర్యకాంత్ కాక, ఈసారి అరవకుండా అన్నాడు:

"కన్నదైతే గిట్ల జేస్తుండెనా? కన్నదైతే అడగకముందే ఇస్తుండె."

అరవైతొమ్మిదేళ్ళ మనిషి, ఎవరు ఒక్కటంటే రెండు అనే మనిషి, ఊరుకుంది. నేను లేచి కూర్చున్నాను. దారం తెంపితే ఆ చప్పుడు గోడ దాటి రాదు. ఆమె మాట మాత్రం వచ్చింది.

"వట్టు. బోర్లేసి వట్టకు. మొకం మీదికుండాలె."

మావైపు చాలా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. భార్య చనిపోయినవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, వచ్చే ఆమె మెడలో పోయిన ఆమె పేరు మీద ఒక వెండి బిళ్ళ కడతారు. అక్క బిళ్ళ అంటారు. ఇక అన్నీ ముందు ఆ అక్కకే. కొత్త చీర వస్తే ముందు బిళ్ళకు చూపించి, మడత మీద ఒకసారి ఆనించి, తర్వాతే కట్టుకోవాలి. పండగనాడు మొదటి ముద్ద బిళ్ళకు తాకించాలి. అమావాస్యకు చింతపండుతో తోమి బొట్టు పెట్టాలి. లేకపోతే పోయిన ఆమె ఊరుకోదని భయం.

సంగవ్వ అత్తగారికి బిళ్ళ చేయించే స్తోమత లేదు. భూమి లేని ఇల్లు, ఇంటిల్లిపాదీ కూలి. లస్మవ్వకు స్నానం చేయించి తీసుకుపోయే ముందు ఆమె మెడలో నల్లదారానికి గుడ్డపేలికలో కట్టి ఉన్న ఒక్క రూపాయి విప్పి దాచింది. ఇంగ్లీషువాళ్ళ కాలంనాటి రూపాయి, పాతవాళ్ళు కల్దార్ అనేవాళ్ళు. ఏడాది తర్వాత కొడుకు రామకిషన్‌కు సంగవ్వను ఖాయం చేసినప్పుడు, నగలు చేసే అవుసులాయన దగ్గరికి పోయి దాని నెత్తిన దారం దూర్చడానికి ఒక కొండి అతికించుకొని వచ్చింది. అదే బిళ్ళ.

"పుస్తె కట్టకముందు అక్కను కట్టిన్రు కొడుకా," అని సంగవ్వ నాతో చెప్పింది. "మొగడు ఎనక అచ్చిండు. అక్క ముందుగాల అచ్చింది."

అప్పుడు ఆమెకు పదహారో పదిహేడో. లస్మవ్వను ఎప్పుడూ చూడలేదు. చూద్దామంటే ఫొటో లేదు. ఆ ఇంట్లో ఫొటో దిగిన మనిషే లేడు. ఉన్నది రూపాయి ఒక్కటే.

రూపాయి మీద విక్టోరియా రాణి. పక్కకు తిరిగిన ముఖం, నెత్తిన కిరీటం, వెనక్కి చుట్టిన జుట్టు, ఒళ్ళంతా పూల కుట్టుపని ఉన్న రవిక. రెండో వైపు ఇంగ్లీషు అక్షరాలు, 1885 అని సంవత్సరం, వాటి చుట్టూ తీగలు, పూలు. ఒక సామ్రాజ్యం తన గొప్పంతా ఆ వేలెడు వెండిలో చెక్కించింది. సంగవ్వ దాన్ని తన లెక్కలో చదువుకుంది. కిరీటం ఆమెకు బాసింగం. వెనక పూలతీగ పెళ్ళి పందిరి. అక్క పెళ్ళికూతురు వేషంలోనే ఉండిపోయింది, పందిరి కిందే ఉంది. ఆమెకు అంతే.

మొదటి ఏడు దాన్ని చూస్తే భయమట. మొగుడితో నవ్వుతూ మాట్లాడాలన్నా మెడలో ఎవరో వింటున్నట్టు ఉండేదట. ఒకరోజు విప్పి జొన్నల గుమ్మిలో దాచింది. ఆ వారమే పిల్లవాడికి జ్వరం వచ్చింది. గుమ్మిలో భుజం దాకా చెయ్యి పెట్టి వెతికి, మళ్ళీ కట్టుకొని, బిళ్ళ మీదే గొడవకు దిగింది: "నీ పోరనికి నువ్వే జరం తెప్పిస్తవా? సిగ్గు లేదా? నా మీద కోపముంటే నా మీద తీస్కో."

అప్పటి నుంచి మాటలు మొదలయ్యాయి. పత్తి ఏరుతూ, సోయా కోస్తూ, పొయ్యి ఊదుతూ బిళ్ళతోనే మాట్లాడేది. "నీ మొగడు నిన్న మళ్ళ తాగచ్చిండు, జెర్ర జూస్కో." "నీ కొడుకు లెక్కల్ల తప్పిండు, నీ దిక్కు తెలివే వచ్చింది." చేన్లో తోటి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "సవతులిద్దరు కూలికి వచ్చిన్రు, పని ఒక్కతే జేస్తున్నది" అని ఒకామె అంటే, "ఆమె రాణి గదనే, ఆమెతోని ఎట్ల జేపిస్తం" అని ఇంకొకామె. సంగవ్వ కూడా నవ్వి, "మా అక్క నీ లెక్క వంగి మొక్కలు విరుస్తదా, నిలవడి చూస్తది" అనేదట.

పిల్లవాడికి తల్లిని చూపించింది కూడా ఆ బిళ్ళ మీదే. ఒళ్ళో పడుకోబెట్టుకొని, "గిదిగో మీ అవ్వ, గీ ముక్కు మీ అవ్వది, నీకు గూడ గదే ముక్కు" అని చెప్పేది. వాడు దాన్ని గుప్పిట్లో పట్టుకొని నిద్రపోయేవాడు. బడికి పోయే ముందు ముద్దు పెట్టుకునేవాడు. సంగవ్వకు పిల్లలు పుట్టలేదు. అక్క కోపం వల్లే అని అత్త అన్నప్పుడు, "అక్కకేం కోపం? తన కొడుకును నాకిచ్చింది" అని ఆమె నోరు మూయించింది.

రామకిషన్ పోయి పదకొండేళ్ళు. పదోరోజు ఆడవాళ్ళు వచ్చి గాజులు, పుస్తెలు, మెట్టెలు తీశారు. బిళ్ళ దగ్గరికి చెయ్యి రాగానే సంగవ్వ పట్టుకొని వదలలేదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు, అక్కడే ఉన్నాను.

"అక్క ముత్తైదువగ పోయింది. నాకు మొగడు లేకపోవచ్చు. ఆమెకున్నడు. ఆమె బొట్టు మీరెట్ల తీస్తరు?"

పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బిళ్ళ ఉండిపోయింది. ఆ రోజు నుంచి సంగవ్వ నుదురు ఖాళీ, రాణి కిరీటం నిండా కుంకుమ. ఎంత తోమినా కిరీటం గీతల్లో ఎరుపు పోయేది కాదు.

ఇక నా సంగతి. నాందేడ్‌లో డిగ్రీ రెండో ఏడు వదిలేసి వచ్చి, బస్టాండ్ దగ్గర ఫోన్ల రిపేరు, జెరాక్స్, ఆన్‌లైన్ ఫారాలు చేస్తున్నాను. మొన్న దసరా ముందు సూర్యకాంత్ కాక వచ్చి ఒక వీడియో చూపించాడు. రాణి బొమ్మ ఉన్న పాత రూపాయి ఉంటే లక్షలు అని ఎవడో చెబుతున్నాడు.

"ఇవన్నీ బోగస్, కాక," అన్నాను.

"బోగస్ అయితే ఇంతమంది ఎందుకు చూస్తరురా?"

ఆటో ఇంజన్ పట్టేసి నెల. ఇంటి ముందు దాని మీద కోళ్ళు ఎక్కుతున్నాయి. ఆయన ముఖం చూసి, "సరే, ఫొటోలు పెట్టి అడుగుదాం" అన్నాను. అక్కడ ఆ 'సరే' అనకుండా ఉండాల్సింది.

సంగవ్వను దుకాణానికి పిలిపించాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె స్టూలు మీద కూర్చొని, మెడలోంచి తియ్యనని చెప్పి, బిళ్ళను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. నేను వంగి ఫొటోలు తీశాను. ముక్కు కొస అరిగిపోయింది, కిరీటం మీది ముత్యాలు అరిగి ఒకటే గీత అయ్యాయి. యాభై ఏళ్ళ చింతపండు.

"అక్క మంచిగ వడ్డదా?" అంది.

నాకు నోట్లో మాట ఆగదు. "అక్క కాదు పెద్దవ్వా, ఇది ఇంగ్లీషు రాణి. విక్టోరియా. లండన్‌లో ఉండేది. మీ అక్కకు దీనికి ఏం సంబంధం లేదు," అన్నాను.

ఆమె బిళ్ళను రవికలోకి వదులుకుంది.

"ఎర్కనే కొడుకా. పెండ్లైన తెల్లారే ఆయన చెప్పిండు, రాణి అని. నేనంత ఎడ్డిదాన్నా? రాణి ఉట్టిగ కూసున్నది గదా. మా అక్కకు మొకం లేకుంటె, జెర్ర ఆమె మొకం అడుక్కున్న."

పోయేటప్పుడు వెనక్కి తిరిగి, "ఆమె ఏమనలే," అంది.

నాందేడ్‌లో పాత నాణేలు కొనేవాడు ఒకడు ఫొటో చూసి, తీసుకురండి అన్నాడు. ఆ మాట పట్టుకొనే సూర్యకాంత్ కాక ఇంట్లో కొట్లాటకు దిగాడు. గోడ ఇవతల నేను విన్నది అదే. కన్నదైతే అన్న మాట ముందు సంగవ్వ ఓడిపోయింది.

మర్నాడు పొద్దున బస్సుకు నన్ను కూడా రమ్మన్నాడు. ఆయన రూపాయిని చొక్కా జేబులో పెట్టలేదు. అరచేతిలో పెట్టుకొని, ముఖం పైకి ఉండేలా, దారిలో భోకర్ ఊరు దాటేదాకా అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు.

"దీనికి ముద్దు వెట్టే టెన్త్ పరీక్షకు వోయిన," అన్నాడు.

"పాసయ్యావా?"

"యాడిది. మూడింట్ల వోయింది." నవ్వాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

నాందేడ్‌లో వెండి బంగారం అమ్మే సరాఫా బజార్లో ఆ దుకాణం నాలుగడుగుల వెడల్పు. దుకాణంవాడు భూతద్దం పెట్టి ఒక్క చూపు చూసి, వేలితో కొండిని తట్టాడు.

"యే సిక్కా నహీఁ రహా భాయ్. గహనా హో గయా."

నాణెంగా దాని పని అయిపోయింది, నగ కింద లెక్క, అని అర్థం. కొండి అతికించిన నాణెం, తోమి తోమి అరిగిన నాణెం పాత నాణేలు సేకరించేవాళ్ళకు పనికిరాదు. రాణి రవిక మీద కుట్టు గళ్ళు కూడా లెక్కపెడతారట వాళ్ళు. దీని మీద లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. పక్క దుకాణంలో వెండి తూకానికి ఇచ్చుకో అన్నాడు.

కాక నా వైపు చూశాడు. ఏం చేద్దాం అన్నట్టు. వాపసు తీసుకుపోదాం అని నేను అంటే ఆ మనిషి సంతోషంగా తీసుకుపోయేవాడు. ఇప్పుడు నాకు అది బాగా తెలుసు. నేను మాత్రం ఎండలో నిలబడి విసుగెత్తి, "ఇచ్చెయ్ కాక. దాని మీద ఇంక ఏం రాదు, ఉత్త భ్రమ," అన్నాను.

పక్క దుకాణంవాడు సన్న కత్తెరతో కొండిని పుటుక్కున కత్తిరించాడు. గోటితో కిరీటంలోని కుంకుమ గీకి ఊదాడు. కొండి వెండి కాదు, తీసుకో అని కాక చేతిలో పెట్టాడు. తూకం వేసి, విరిగిన పట్టగొలుసులు ఉన్న డబ్బాలోకి రూపాయిని విసిరాడు. బోర్లా పడింది. కాక చూశాడు, నేనూ చూశాను. ఎవరం డబ్బాలో చెయ్యి పెట్టలేదు. కొండిని మాత్రం ఆయన జేబులో వేసుకున్నాడు.

వచ్చిన డబ్బు ఇంజన్‌కు ఏ మూలకూ రాదు. బస్సు ఎక్కే ముందు ఆయన ఒక చీరల దుకాణంలో దూరాడు. ఆకుపచ్చ చీర, సన్నటి ఎర్రంచు. ఉన్నదంతా దానికే పెట్టాడు.

"అవ్వకు. కట్టుకుంటదిగా," అన్నాడు, నన్ను అడుగుతున్నట్టు.

ఇంట్లో ఆయన చెప్పిన మాట కూడా గోడ ఇవతల విన్నాను. పూణేలో పెద్ద సేటు కొన్నాడని, అద్దాల బీరువాలో మెత్తటి గుడ్డ మీద పెట్టుకున్నాడని, రోజూ తుడుస్తాడని. సంగవ్వ ఒక్కటే అడిగింది.

"బోర్లేసి వెట్టలే గదా?"

"లేదే అవ్వా. మొకం మీదికే."

తర్వాత రోజుల్లో సంగవ్వ మాట తగ్గింది. చేనుకు పోతుంది, వస్తుంది. పత్తి ఏరుతూ ఉన్నట్టుండి చెయ్యి మెడ దగ్గరికి పోతుంది, అక్కడ ఏమీ దొరక్క చెంగు సర్దుకుంటుంది. తోటి ఆడవాళ్ళు ఎగతాళి మానేశారు. ఆకుపచ్చ చీర మడత విప్పలేదు. సూర్యకాంత్ కాక కూతురు రూపాలి బతిమాలింది. కాక కోప్పడ్డాడు. "పాతదైనంక కడతవా?" అన్నాడు. ఆమె కట్టలేదు.

నా ఫోనులో ఫొటో ఉంది కదా, పెద్దది చేసి ప్రింటు తీసి ఇస్తానన్నాను. ఆమె ఫోను అద్దం మీద బొటనవేలు ఆనించింది. రాణి ముఖం పక్కకు జారిపోయింది.

"ముట్టుకుంటె ఉరుకుతున్నది. అక్క ఉరకదు కొడుకా," అని ఫోను వాపసు ఇచ్చింది.

పదహారో రోజు ఎవరికీ చెప్పకుండా నాందేడ్ పోయాను. ఎంత అడిగితే అంత ఇచ్చి తెద్దామని. పక్క దుకాణంవాడు గుర్తుపట్టాడు. డబ్బా ఖాళీ. లోపలి నుంచి కరిగించి పోసిన ఒక వెండి ముద్ద తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ఇటుక ముక్కలా, బరువుగా, నున్నగా ఉంది.

"ఇస్మే కహీఁ హోగీ తుమ్హారీ రాణి," అన్నాడు, మీ రాణి ఇందులోనే ఎక్కడో ఉంటుందని. వెక్కిరింపు కాదు, నిజమే చెప్పాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ వైపు పైకో తెలియలేదు.

తిరిగి వచ్చి ఆమెకు చెప్పేద్దామనుకున్నాను. లండన్ రాణి అని మొహం మీదే చెప్పినవాణ్ణి, ఇది చెప్పలేనా అనుకున్నాను. రెండుసార్లు వాళ్ళ అరుగు దాకా పోయాను. ఒకసారి నీళ్ళడిగి తాగి వచ్చాను.

నిన్న మధ్యాహ్నం సంగవ్వ తనే దుకాణానికి వచ్చింది. చంకలో ప్లాస్టిక్ సంచి. స్టూలు మీద కూర్చొని, సంచిలోంచి ఆకుపచ్చ చీర తీసి, గాజు బల్ల మీద ఛార్జర్లు పక్కకు జరిపి పరిచింది. ఎర్రంచును అరచేత్తో సాపు చేసింది.

"సూర్యకాంతు రోజు మొకం మాడ్చుకుంటున్నడు. కట్టుకోవాలెనని నాకు గూడ ఉన్నది. అక్కకు చూపియ్యక ఎట్ల కడుత?" అంది. "నీ ఫోన్ల ఆ సేటు నంబరు ఉంటది గదా."

నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

"చీర ఫొటో దియ్యి కొడుకా. అంచు మంచిగ వడాలె. ఆ సేటుకు పంపు. ఎక్కువేం అద్దు, ఆ బీరువా ముంగట ఫోను జెర్రసేపు వట్టుకొమ్మను. అక్క జూసినంక, చూసింది అని ఒక్క మాట రాయమను. నువ్వచ్చి చెప్పు. అప్పుడు కట్టుకుంట."